చుట్టీ లెక్క

(డిసెంబర్ 18, అంతర్జాతీయ వలసదారుల దినోత్సవం నాడు జగిత్యాల జిల్లాలోని ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి వంచు తమ్ముడూ... ఆ, చాలు.

నన్ను పిలిచిన పిల్లలు "అన్నా, గల్ఫ్ కష్టాల గురించి మాట్లాడు" అన్నారు. కష్టాల గురించి ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. నేను ఈ రోజు చుట్టీ గురించి మాట్లాడతాను. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చి ఉండే ఆ రెండు నెలల గురించి. అది సుఖమే కదా, దాని గురించి చెప్పేదేముంది అనుకుంటారేమో. ఈ ముందు వరుసలో ఐదారుగురు ఇప్పుడు చుట్టీ మీదే ఉన్నారు. ఒకసారి వాళ్ల మొహాలు చూడండి. (నవ్వులు)

నేను 1998 జనవరిలో దుబాయ్ పోయాను. 2020లో పూర్తిగా వాపస్ వచ్చాను. 22 ఏళ్లు. ఈ మధ్య ఒక రాత్రి నిద్ర పట్టక, పాత పాస్‌పోర్టులు మూడూ ముందేసుకుని, ముద్రలు చూస్తూ లెక్క కట్టాను. తొమ్మిది చుట్టీలు. నాలుగుసార్లు 60 రోజులు, నాలుగుసార్లు 45 రోజులు, ఒకసారి 30. మొత్తం 450 రోజులు. అంటే 22 ఏళ్లలో నేను మా ఇంట్లో ఉన్నది 15 నెలలు. 2009లో ఐదు నెలలు ఉన్నాను గానీ అది ఇందులో కలపలేదు. అది చుట్టీ కాదు. ఎందుకు కాదో తర్వాత చెప్తాను.

మొదటి చుట్టీ 2000లో. కంపెనీ టికెట్ బొంబాయి దాకానే. అక్కడి నుంచి రాత్రంతా బస్సు, బస్సు పైన నా పెట్టె. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, పెట్టె ఉందా లేదా అని పైకి చూసేవాణ్ణి. మా కన్నా ముందు పోయినవాళ్లందరిదీ బొంబాయి దారే. హైదరాబాద్ నుంచి పోవడం, రావడం తర్వాత సంగతి. ముందు బేగంపేట, 2008 మార్చి నుంచి శంషాబాద్.

పెట్టె కట్టడం ఒక విద్య. మా క్యాంపు సోనాపూర్‌లో. సర్కారు కాగితాల్లో ముహైస్నా అని ఉంటుంది, కూలీల నోట్లో సోనాపూర్. సోనాపూర్ అంటే బంగారు ఊరు! ఎవరు పెట్టారో గానీ మంచి ఎటకారం తెలిసినవాడే. మా రూంలో పన్నెండు మందిమి. ఎవరికి చుట్టీ వచ్చినా పెట్టె కట్టేవాడు ఒక్కడే, నిర్మల్ దిక్కు అన్న. అట్టపెట్టె అడుగున ఒక రగ్గు పరిచేవాడు. దాని మీద ట్యాంగ్ డబ్బాలు, నిడో పాలపొడి. మూలల్లో సబ్బులు. మధ్యలో అత్తరు సీసాలు, టైగర్ బామ్, టార్చి లైట్లు, ఖర్జూరం పొట్లాలు. పైన మళ్లీ ఇంకో రగ్గు. టేపు చుట్టి, నైలాన్ తాడు బిగించి, నాలుగు పక్కలా మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా రాసేవాడు. చివరికి పెట్టె మీద అరచేత్తో కొట్టేవాడు. డప్పులా మోగితే బిగువు సరిపోయినట్టు. 2017లో అనుకుంటా, ఒక పక్కైనా చదునుగా లేని మూటలు దుబాయ్ ఎయిర్‌పోర్టులో తీసుకోము అని రూల్ పెట్టారు. అప్పటికి ఆ అన్న వాపస్ వచ్చేశాడు గానీ, లేకపోతే ఆ రూల్‌కు తగ్గ పెట్టె కూడా కట్టేవాడు.

ఇనుప కడ్డీ ముట్టుకుంటే చెయ్యి కాలే దేశం నుంచి మనం రగ్గులు తెచ్చాం చూడండి. మన ఊళ్లో చలి ఎన్ని రోజులు? నెలన్నర. మా ఇంటి బీరువా నిండా ఇప్పటికీ అవే. ఒక్కోటి నాలుగు కిలోలు.

ఆ మొదటి పెట్టెకు డబ్బులు ఎక్కడివి? వీసాకు 65 వేలు అప్పు చేసి పోయాను, నూటికి మూడు వడ్డీ. జీతం 600 దిర్హాములు. దిర్హాం 12 రూపాయలకు కొంచెం తక్కువ. మెస్సుకు, ఫోన్ కార్డుకు పోను నెలకు ఐదు వేల రూపాయలు మిగిలితే గొప్ప. అందులోనే వడ్డీ, అందులోనే ఇల్లు. రెండేళ్లకు అసలులో సగం తీరింది. అయినా ఉత్త చేతులతో ఎట్లా వస్తాం? రూంలో చిట్టీ ఎత్తుకున్నాను, 2,000 దిర్హాములు. మూడు నెలల జీతం పైన. ఆ డబ్బు పెట్టెలోకి పోయింది. తిరిగి పోయాక ఎనిమిది నెలలు ఆ చిట్టీ కట్టాను. అంటే నేను చుట్టీకి వచ్చి సంపాదించింది అప్పు. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. మా బాపుకు కూడా. ఆయన ఊళ్లో "మా వాడు దుబాయ్ నుంచి వచ్చిండు" అని తలపాగా సర్దుకుని తిరుగుతుంటే ఎట్లా చెప్పను?

నేను పోయేనాటికి మా బిడ్డకు మూడు నెలలు. మా ఇంట్లో ఫోన్ లేదు. కిరాణం సేటు ఫోన్ ఉండేది, పీపీ నంబర్. శుక్రవారం మాకు సెలవు, అందుకే శుక్రవారం సాయంత్రం ఫోన్. బిడ్డను ఎత్తుకుని మా ఆమె అక్కడ కూర్చునేది. బిడ్డకు రిసీవర్ చెవి దగ్గర పెట్టి "బాపు, బాపు" అనేది. నేను వచ్చాక మొదటి శుక్రవారం. సాయంత్రం కాగానే పిల్ల నా వేలు పట్టుకుని గుంజింది. "రా, బాపు మాట్లాడతడు" అని. నన్ను కిరాణం దుకాణానికి తీసుకుపోయింది, వాళ్ల బాపుకు నన్ను చూపించడానికి. సేటు నవ్వి, రిసీవర్ తీసి నా చేతిలో పెట్టాడు. పిల్ల నా మొహమే చూస్తోంది. ఏం చెయ్యాలో తెలియక చెవికి పెట్టుకుని "హలో" అన్నాను.

(కొద్దిసేపు విరామం)

మంచినీళ్లు ఇస్తారా... సరే.

చుట్టీ మీద ఉన్నవాణ్ణి ఊరు ఎన్ని ప్రశ్నలు అడుగుతుందో నాకు తారీకులతో సహా తెలుసు. మొదటి వారం "ఎప్పుడొచ్చినవ్?" రెండో వారం నుంచి "మళ్ల ఎప్పుడు పోతవ్?" కొంతమంది రెండూ ఒకే ఊపిరిలో అడుగుతారు, ఇంకా సంచి భుజం మీదే ఉంటుంది మనకు. రెండు నెలలు దాటితే మూడో ప్రశ్న వస్తుంది. "ఇంకా పోలేదా?" ఈ మూడో ప్రశ్న నాకు 2009లో ఎదురైంది.

దానికి ముందు మా ఆమె సంగతి చెప్పాలి. ఆమె బీడీలు చుట్టింది, మహిళా సంఘంలో లోన్ తీసుకుంది, బర్రెను అమ్మి రెండు కొన్నది, బాపును ఆస్పత్రికి తిప్పింది, బిడ్డను బడిలో వేసింది. నేను ప్రతి చుట్టీలో వచ్చి కొట్టం ఈ పక్క ఎందుకు వేశారు, పసుపు ఆ మడిలో ఎందుకు పెట్టారు అని అడిగేవాణ్ణి. 2004లో అనుకుంటా, కొట్టాన్ని పీకించి తూర్పు పక్కకు మార్పించాను. నేను పోయిన వారానికి మళ్లీ పాత జాగాకే మార్చింది. ఫోన్‌లో గట్టిగా అడిగితే ఒకటే మాట అంది: "నువ్వు రెండు నెలల సర్పంచివి. హుకుం చేసి పోతవ్. పేడ ఎత్తేది నేను." (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు కొట్టిన అక్కలందరి ఇళ్లల్లో ఒక్కో సర్పంచి ఉన్నాడని అర్థమవుతోంది.

దోస్తుల విషయం కూడా అంతే. ఈత చెట్ల కింద కల్లు, యాటపోతు దావత్, మొదటి రెండు రోజులు బ్రహ్మాండం. మూడో రోజు మాట్లాడటానికి ఏమీ ఉండదు. వాళ్ల మాటల్లో వచ్చే గొడవలు నాకు తెలియవు, నా ఫోర్‌మన్ గురించి వాళ్లకెందుకు? అప్పుడు మొదలవుతుంది చేబదులు. లేదంటే "మారిండు" అంటారు, ఉందంటే అప్పు చేసి ఇవ్వాలి. ఐదుగురికి ఇచ్చాను. ఇద్దరు వాపస్ ఇచ్చారు. మిగతా ముగ్గురూ నేను వస్తున్నానంటే వీధి మార్చేవాళ్లు. డబ్బుల బాధ కన్నా అదే ఎక్కువ. సైకిల్ షాపు పెట్టుకున్న దోస్తు ఒక్కడే ఏనాడూ అడగలేదు. వాడి దగ్గర కూర్చుంటే పంక్చర్ వేస్తూ ఉండేవాడు, నేను చూస్తూ ఉండేవాణ్ణి. మాట్లాడకపోయినా బాగుండేది.

ఒక పొరపాటు చెప్తాను, మీరు చెయ్యకండి. రెండో చుట్టీలో చెరువు కట్ట కింద ఒకావిడ కనిపిస్తే, "పెద్దమ్మా, పెద్దనాయన బాగున్నడా?" అని అడిగాను. ఆమె నుదుటి వైపు నేను చూడలేదు. ఆయన పోయి ఏడాది అయింది. ఫోన్‌లో నిమిషానికి ఇన్ని దిర్హాములని లెక్క పెట్టుకుని మాట్లాడే రోజులు. చావు కబుర్లకు నిమిషాలు ఎవరు ఖర్చు పెడతారు? అప్పటి నుంచి రాగానే మా ఆమెను ఒకటే అడిగేవాణ్ణి: పోయినసారి నుంచి ఇప్పటిదాకా ఊళ్లో ఎవరెవరు పోయారు? ఆ ఇళ్లకు ముందు పోయి పలకరించి వచ్చాకే దావత్. చుట్టీలో మొదటి మూడు రోజులూ పలకరింపులకే పెట్టండి. ఖర్జూరం పొట్లం ఒక వారం ఆగినా ఏమీ కాదు.

ఇక 2009. అంతకు ముందు ఏడాది చివర అమెరికాలో బ్యాంకులు కూలాయి, ఆ దెబ్బ దుబాయ్ బిల్డింగుల మీద పడింది. క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. మా కంపెనీ వాళ్లు పిలిచి, ఇంటికి పోండి, పని వచ్చినప్పుడు కబురు చేస్తాం అన్నారు. లాంగ్ లీవ్. జీతం లేదు. అక్కడి రూల్ ప్రకారం ఆరు నెలలు దేశం బయట ఉంటే వీసా చచ్చిపోతుంది. ఆ ఆరు నెలల గడువు కడుపులో పెట్టుకుని ఫిబ్రవరిలో ఊరికి వచ్చాను. ఒక్క సంచితో. ఇంట్లో మామూలు చుట్టీ అని చెప్పాను.

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. "ఇంకా పోలేదా?" మొదలైంది. హోటల్ దగ్గర చాయ్ తాగడం మానేశాను. పొద్దున పొలం పోయి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. పొలంలో పని ఉండి కాదు. కంపెనీ నుంచి ఫోన్ వస్తుందేమోనని సిగ్నల్ ఉండే గట్టు మీద కూర్చునేవాణ్ణి. అబద్ధం చెప్పి ఇంట్లో ఉండటం కన్నా ఎండాకాలం పదో అంతస్తులో సెంట్రింగ్ కొట్టడం తేలిక. ఆ టెన్షన్‌లో బరువు కూడా తగ్గాను.

ఒక రాత్రి మా ఆమె బీడీల చాట ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా అంది: "పని పోయిందా, జీతం ఆగిందా?" నీకెవరు చెప్పారు అన్నాను. "పెట్టె తేనప్పుడే తెలిసింది. ఈసారి లిస్టు రాయమని కూడా అడగలేదు నువ్వు" అంది. రెండు నెలలు నేను దాచిపెట్టింది, ఆమె మొదటి రోజు నుంచి నా కోసం దాచిపెట్టింది.

అప్పుడు సంచిలోంచి జీతం చీటీ తీసి వాళ్ల ముందు పెట్టాను. 11 ఏళ్లలో మొదటిసారి. మా బిడ్డ ఆరో తరగతి. నోట్‌బుక్ తెచ్చుకుంది. జీతం 1,100 దిర్హాములు. మెస్సు 250, ఫోన్ 100, సబ్బు, క్షవరం, చిల్లర 50. మిగిలింది 700. దిర్హాం పదమూడున్నర రూపాయలు. తొమ్మిది వేల నాలుగు వందల యాభై అని తేల్చింది. తర్వాత కాసేపు పెన్సిల్ నోట్లో పెట్టుకుని, "బాపూ, పోయినసారి ఆరు రగ్గులు తెచ్చినవ్ కదా, ఒక్కోటి ఎంత?" అంది. 60 దిర్హాములు అన్నాను. గుణించి, భాగించి, "ఇవి పదిహేను రోజుల పైసలు బాపూ" అంది. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆమె బీడీలు చుట్టడం ఆపలేదు.

ఐదో నెలలో కంపెనీ పిలిచింది, పోయాను. కానీ ఆ రాత్రి నుంచి మా ఇంట్లో దుబాయ్ మీద మాట తీరే మారింది. బాపు తలపాగా సర్దుకోవడం తగ్గించాడు, నిజమే. కానీ నెల నెలా "ఓవర్‌టైం దొరికిందా కొడుకా?" అని అడగడం మొదలుపెట్టాడు. నేను అక్కడ ఏం చేస్తున్నానో అడిగిన మొదటి ప్రశ్న అది. అందుకే చుట్టీ మీద వచ్చే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే: పెట్టె ఎంత పెద్దదైనా తెచ్చుకోండి, పైన జీతం చీటీ పెట్టి తీసుకురండి. పెట్టె విప్పేటప్పుడు ముందు అది బయటికి రావాలి.

దీంతో నాకు బుద్ధి వచ్చేసిందని అనుకోకండి. 2013లో టీవీ తెచ్చాను. (నవ్వులు) 40 ఇంచుల ఎల్‌ఈడీ, 1,200 దిర్హాములు. ఆ ఆగస్టులో రూపాయి పడిపోయి దిర్హాం 18 దాటింది. క్యాంపులో పండుగ! ఇంట్లో పెట్రోల్ ధర పెరిగిందని మా ఆమె తిడుతుంటే, అక్కడ మేము మిఠాయి పంచుకున్నాం. గల్ఫ్ వాడి బతుకులో ఇదొక వింత, దేశం నష్టపోతే మనకు లాభం. అదే నెల 26 నుంచి టీవీలకు డ్యూటీ మినహాయింపు తీసేశారు. 36 శాతం పైన. నేను దిగింది సెప్టెంబర్‌లో. కస్టమ్స్ దగ్గర ఏడున్నర వేల దాకా కట్టాల్సి వచ్చింది. జేబులో లేవు. బయట కారు తెచ్చిన మా బావ దగ్గర తీసుకుని కట్టాను. అంటే టీవీ మా బావ కొనిపెట్టినట్టే. ఇప్పటికీ మా ఇంటికి వస్తే రిమోట్ ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇప్పుడు వీడియో కాల్స్ వచ్చాయి, రోజూ చూసుకుంటున్నాం, చుట్టీ అవసరం తగ్గింది అంటారు కొందరు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పనిచేయదు గానీ బోటిమ్ లాంటి యాప్ ఏదో ఒకటి ఉంటుంది. మా అవ్వతో నేను రోజూ వీడియోలో మాట్లాడేవాణ్ణి. నవ్వు మొహం. అదే గోడ, అదే క్యాలెండర్. "మంచిగున్న బిడ్డా" అనేది. 2017లో వచ్చి చూస్తే అవ్వ మంచం దిగలేకపోతోంది. కాళ్లు వాచి ఆరు నెలలైంది. ఫోన్‌లో మొహమే కనబడుతుంది. కాళ్లు ఎవరు చూపిస్తారు? మీరు ఇక్కడి నుంచి పోయాక ఫోన్ చేసినప్పుడు, ఒకసారి లేచి నాలుగడుగులు నడవమని అడగండి. తిట్టినా సరే అడగండి.

అమెరికా నుంచి వచ్చే పిల్లలది ఇంకో రకం. మా చిన్నాయన మనవడు పెళ్లికి వచ్చి, పెళ్లి పీటల మీద కూడా వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ గురించే ఫోన్ చూసుకున్నాడు. తిరిగి పోనిస్తారో లేదో అని వాళ్ల టెన్షన్. మనకేమో తిరిగి పోవాలే అని టెన్షన్.

నేను చివరిసారి వచ్చింది 2020లో, కరోనాలో. వందే భారత్ మిషన్ విమానం, టికెట్ మన డబ్బే. పెట్టె లేదు, ఎయిర్‌పోర్టుకు ఎవరూ రాలేదు, రానిచ్చే పరిస్థితి కూడా లేదు. క్వారంటైన్ అయిపోయి ఊళ్లో దిగితే జనం దూరం నుంచే చెయ్యి ఊపారు. "ఎప్పుడొచ్చినవ్?" అన్నారు. "మళ్ల ఎప్పుడు పోతవ్?" అని ఎవరూ అడగలేదు. మొదట్లో హాయిగానే ఉండింది. రెండు నెలలు దాటాక మా ఆమె కొట్టం వైపు చూపించి, "ఇప్పుడు మార్చుకుంటవా తూర్పుకు?" అంది. వద్దులే అన్నాను.

సరే, టైం అయిపోతోందని పిల్లలు సైగ చేస్తున్నారు. పోయేవాళ్లకు రెండు మూడు పనికొచ్చే మాటలు చెప్పి దిగిపోతాను. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది, 10 లక్షల బీమా. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. మొదటిసారి పోయేటప్పుడు చాలామంది చేయించుకుంటారు, గడువు అయిపోయాక మర్చిపోతారు. చుట్టీలో ఉన్నప్పుడే ఆ కాగితం తీసి తారీకు చూడండి. మీరు ఎక్కడ పెట్టారో ఇంట్లో వాళ్లకు కూడా చూపించండి. ఒక చుట్టీలో నేను వచ్చిన విమానంలోనే పక్క మండలం మనిషి శవపేటిక కూడా వచ్చింది. బయట వాళ్ల వాళ్లు కార్గో గేటు ఎటు అని నన్నే అడిగారు. ఎక్కువ చెప్పను.

రెండోది, ఎవరు ఇచ్చిన పొట్లమైనా విప్పి చూడకుండా తీసుకుపోకండి. చుట్టమే అయినా సరే, విప్పండి. దగ్గు మందులో కోడీన్ ఉంటుంది, నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉంటుంది, డాక్టర్ చీటీ లేకుండా అక్కడ దొరికితే కేసు. మూడోది, గసగసాలు. మనకు అది మసాలా. దుబాయ్‌లో, సౌదీలో మత్తుమందు కింద లెక్క. జైలుకు పోయినవాళ్లు ఉన్నారు. మీరు విడిగా తీసుకుపోరు, నాకు తెలుసు. కానీ అవ్వ ప్రేమతో నూరిచ్చిన మటన్ మసాలాలో ఉంటాయి.

ఆ వెనక నిలబడ్డ తమ్ముడూ, నీదే కదా ఈ రాత్రి ఫ్లైట్? కారు వచ్చిందా? ఐదు గంటల దారి, ఇంకా టైం ఉంది. ఆ సంచి ఒకసారి ఇటు తీసుకురా. సిగ్గు పడకు, అందరం మనవాళ్లమే. పచ్చడి సరే... సకినాలు సరే... ఈ డబ్బాలో పొడి ఏంటిది? ఎవరు నూరారు? అవ్వకు ఫోన్ కలుపు.